గుండెల్లో మంటకు యాంటాసిడా, ఒమెప్రజోలా?

రెండూ 'గ్యాస్ మందు' పేరుతోనే చలామణీ అవుతాయి గానీ, పనితీరు వేరు. యాంటాసిడ్ కడుపులో అప్పటికే ఊరిన ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఒమెప్రజోల్ ఆమ్లాన్ని ఊరించే పంపులనే మూసేస్తుంది.

యాంటాసిడ్‌తో నిమిషాల్లో ఉపశమనం. పరగడుపున తాగితే గంటలోపే ప్రభావం పోతుంది. భోజనమైన గంటకు తాగితే 2-3 గంటలు నిలుస్తుంది. యాంటాసిడ్‌లోని మెగ్నీషియం విరేచనాలు చేయిస్తుంది, అల్యూమినియం మలబద్ధకం తెస్తుంది. రెండింటినీ కలిపి తయారుచేసేది అందుకే. థైరాయిడ్ మాత్రకు, దీనికి 4 గంటల ఎడం ఉండాలి. కిడ్నీ జబ్బుంటే డాక్టరును అడగనిదే వద్దు.

ఒమెప్రజోల్‌తో ఎక్కువమంది చేసే తప్పు వేళ తప్పడం. మంట మొదలయ్యాక వేసుకుని, పనిచేయలేదంటారు. ఆ పంపులు తిండి పడ్డప్పుడే చురుగ్గా ఉంటాయి, మందు వాటిని అప్పుడే పట్టుకోగలదు. కాబట్టి 20 మి.గ్రా. క్యాప్సూల్‌ను ఉదయం తినడానికి 30-60 నిమిషాల ముందు మింగాలి. లోపలి గుళికలను నమిలితే పైపూత పోయి, కడుపులోని ఆమ్లమే మందును పాడుచేస్తుంది. పూర్తి గుణం కనిపించడానికి 1-4 రోజులు పడుతుంది. సొంతంగా వాడితే 14 రోజులు దాటకూడదు. నెలల తరబడి వాడి ఉన్నట్టుండి ఆపితే మంట కొన్నాళ్లు ఎదురుతిరుగుతుంది. అది జబ్బు ముదిరిందని కాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు ఒమెప్రజోల్ పడదు, క్లోపిడోగ్రెల్ పనిని ఇది తగ్గిస్తుంది.

ఎప్పుడో ఒకసారి వచ్చే మంటకు యాంటాసిడ్ చాలు. వారంలో రెండు మూడు రోజులు వేధిస్తుంటే ఒమెప్రజోలే మేలు. నల్లటి విరేచనం, మింగడం కష్టం, బరువు తగ్గడం ఉంటే మాత్రం రెండూ పక్కనపెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.