ఆవు ఒంట్లో కొవ్వు తెలియాలంటే టేపు మేలా, చేయి మేలా?

“ఈని రెండు నెలలైంది. టేపు పెట్టి చూస్తే బరువు పెద్దగా తగ్గలేదు. అయినా ఎదకు రాలేదు, ఎందుకు?” సంకరజాతి ఆవులున్న రైతులు ఎక్కువగా అడిగేది ఇదే.

ముంగాళ్ల వెనుక ఛాతీ చుట్టూ పెట్టే టేపు బరువును అంచనా కడుతుంది. నట్టల మందు మోతాదుకు, దాణా లెక్కకు అది పనికొస్తుంది. కొవ్వు సంగతి మాత్రం చెప్పదు. ఈనిన కొత్తలో పాలు పెరిగినంత వేగంగా మేత పెరగదు. ఆ లోటును ఒంట్లోని కొవ్వే కరిగి తీరుస్తుంది. తర్వాత మేత పెరిగేకొద్దీ పొట్టలో మేత, నీరు చేరి ఆ తరుగును కప్పేస్తాయి. అందుకే కాటా మీద తూచినా మోసపోతాం.

నా ఓటు చేతికే. ఆవును సమతలం మీద నిలబెట్టి, నడుము పక్క ఎముకల కొనలను వేళ్లతో నొక్కండి. కొనలు వాడిగా తగిలితే కొవ్వు పలచబడినట్టే. గట్టిగా నొక్కితే తప్ప దొరకకపోతే నిల్వ బాగుంది. తరువాత తోక మొదలుకు అటూ ఇటూ ఉన్న గుంట ఎంత లోతుగా ఉందో చూడండి. దీన్నిబట్టి 1 (బక్కచిక్కినది) నుంచి 5 (బాగా కొవ్వు పట్టినది) లోపు స్కోరు వేస్తారు. ఈనేనాటికి 3 నుంచి 3.5 ఉండటం మంచిది. 4 దాటిన ఆవు ఈనాక మేత సరిగా తినదు, కీటోసిస్ (ఒంట్లో కొవ్వు మితిమీరి కరగడంతో వచ్చే జబ్బు) ముప్పు పెరుగుతుంది.

మనిషి మారితే స్కోరు మారుతుందన్న ఆక్షేపణ నిజమే. కానీ నా దృష్టిలో అసలు విషయం అంకె కాదు, తరుగు. ఒకే మనిషి పాలు ఆపేటప్పుడు, ఈనిన రోజున, నెలకు, రెండు నెలలకు చూసి రాసుకుంటే తరుగు తెలిసిపోతుంది. అర పాయింటు తగ్గితే కంగారు వద్దు. ఒక పాయింటు దాటితే ఎద ఆలస్యం కావడానికి కారణం అక్కడే వెతకాలి. బక్కచిక్కిన ఆవును పాలు ఇచ్చే చివరి నెలల్లోనే తేరుకునేలా చేయాలి. చూడి నిండిన ఆవును సన్నబరచాలని మేత తగ్గించడం ప్రమాదం.

అల్ట్రాసౌండుతో వీపు కొవ్వు మందాన్ని మిల్లీమీటర్లలో కొలవవచ్చు. కచ్చితమైనదే, పరిశోధనకు మేలు. నాలుగు ఆవుల కొట్టానికి ఆ ఖర్చు అనవసరం. కెమెరాలతో స్కోరు వేయడం పెద్ద డెయిరీల మాట.

పై అంకెలు హోల్‌స్టీన్ (విదేశీ పాడి జాతి) తరహా ఆవులకు. ఒంగోలు ఆవుకు, గేదెకు కొవ్వు చేరే తీరు వేరు కాబట్టి వాటికి అవే కొలబద్దగా పెట్టుకోవద్దు.