పెద్ద బ్యాటరీ బంగారం, గొడవంతా చిన్నదానితోనే

ఎలక్ట్రిక్ కారు గురించి నన్నడిగే ప్రతి ఒక్కరూ ఒకే ప్రశ్నతో మొదలుపెడతారు: "ఒక్క ఛార్జింగ్‌కి ఎంత దూరం వస్తుంది?" కారు కొని మూడేళ్లు దాటింది. ఇన్నాళ్లలో నన్ను నిజంగా ఏడిపించింది సీట్ల కింద పరిచిన లక్షల రూపాయల బ్యాటరీ కాదు. బానెట్ ఎత్తితే ఓ మూలన కనిపించే, ఏ బ్యాటరీల షాపులోనైనా దొరికే పన్నెండు వోల్టుల మామూలు బ్యాటరీ. దాని మీద కోపం ఇంకా తగ్గలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. కారు ఏ కంపెనీదో కావాలనే రాయడం లేదు. ఏ కంపెనీ బండి ఉన్నవాళ్లకైనా ఇది పనికొచ్చే సంగతే.

కిందటి వేసవిలో మా అక్క కూతురి పెళ్లికి రాజమండ్రి వెళ్లాం. ఆ ఎండల్లో అంత దూరం నడపడం ఎందుకులే అని గౌతమిలో టికెట్లు చేయించాను. కారు ఎనభై శాతం ఛార్జింగ్‌తో సెల్లార్లో మా స్లాట్‌లోనే ఉంది. పెళ్లి, ఆ వెంటనే పదహార్రోజుల పండగ, మధ్యలో అమ్మకి ఒంట్లో బాగోకపోవడం, అన్నీ కలిసి మూడు వారాలు దాటాకే మియాపూర్ తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున ఆఫీసుకి బయల్దేరి రిమోట్ నొక్కితే కారు ఉలకదు, పలకదు.

రిమోట్‌లో సెల్ అయిపోయిందేమోనని పైకెళ్లి రెండోది తెచ్చాను. అదీ అంతే. యాప్ తెరిస్తే కారుతో కనెక్ట్ కావడం లేదంది. సెల్లార్లో సిగ్నల్ ఎప్పుడూ అంతంతమాత్రమే కాబట్టి అది కొత్తేమీ కాదు. పైగా చివరిసారి నమోదైన ఛార్జింగ్ 80 శాతం అని పచ్చరంగులో నిక్షేపంగా చూపిస్తోంది. రిమోట్‌లో దాచిపెట్టిన ఇనప తాళంచెవి బయటికి లాగి, తలుపు పిడి పక్కనున్న ప్లాస్టిక్ మూత గోళ్లతో ఊడబీకి, ఎలాగో లోపలికి దూరాను. స్క్రీన్ నల్లగా ఉంది. పైన లైటు వెలగలేదు. హారన్ కూడా లేదు. గాదె నిండా వడ్లుండి తాళంచెవి పోగొట్టుకున్నవాడిలా కూర్చున్నాను.

హెల్ప్‌లైన్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"సార్, బండిలో ఛార్జింగ్ ఎంతుంది?"

"ఎనభై శాతం ఉందమ్మా."

"అయితే స్టార్ట్ అవ్వాలి కదా సార్?"

అవ్వాలనే నేనూ అంటున్నాను. ఇదే మాట అటూ ఇటూ తిరిగి, చివరికి టోయింగ్ బండి పంపిస్తామన్నారు. పదకొండింటికి వచ్చింది. డ్రైవర్ దిగి మా సెల్లార్ ర్యాంపునీ, దాని మీద వేలాడుతున్న పైపులనీ ఓసారి చూసి, "ఇది కిందికి దిగదు సార్, మీరే పైదాకా తోయించండి" అన్నాడు. తోయడానికి నలుగురు దొరికారు కానీ కారు కదిలితేగా! గేరు పార్కింగ్‌లో బిగుసుకుంది, హ్యాండ్‌బ్రేక్ కూడా కరెంటుదే. ఆ రెండూ వదలాలంటే కరెంటు కావాలి. ఆ కరెంటు లేకే కదా ఈ తంటా. అపార్ట్‌మెంట్‌లో సగం మంది చుట్టూ చేరారు. ఒకాయనైతే "ఎలక్ట్రిక్ బండ్లింతే" అని తేల్చేసి లిఫ్ట్ ఎక్కి వెళ్లిపోయాడు. సరదాగా నేర్చుకుందామని ఆగినవాళ్లకంటే ఆయనే నయమనిపించింది.

దారి చూపించింది మా వాచ్‌మన్. చౌరస్తాలో బ్యాటరీల షాపు కుర్రాడొకడు తనకి తెలుసంటూ ఫోన్ చేశాడు. ఆ కుర్రాడు భుజానికి బ్యాగు తగిలించుకుని స్కూటీ మీద వచ్చాడు. బానెట్ ఎత్తించి, మీటరు పెట్టి చూసి నవ్వాడు. "దీంట్ల గూడ పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉంటదన్నా. చిన్నది సచ్చిపోతే పెద్దది లేవదు." ఎర్ర క్లిప్పు బ్యాటరీకి, నల్ల క్లిప్పు బాడీకి తగిలించి బటన్ నొక్కమన్నాడు. సీటు కింద ఎక్కడో టక్‌మని ఒక చప్పుడు. స్క్రీన్ వెలిగింది, ఏసీ మొదలైంది, అన్నీ ఏమీ ఎరగనట్టు పనిచేశాయి. పొద్దున్నుంచి పడ్డ పాట్లకి మందు రెండు నిమిషాల్లో దొరికింది.

ఆ టక్‌మన్న చప్పుడులోనే అసలు సంగతంతా ఉంది. పెద్ద బ్యాటరీలో ఉండేది వందల వోల్టులు. కారు ఆపేసి ఉన్నప్పుడు ఆ కరెంటు బయటికి రాకుండా కాంటాక్టర్లని పెద్ద స్విచ్చులుంటాయి. వాటిని కలిపి పెద్దదాని కరెంటుని బయటికి వదిలేది చిన్న బ్యాటరీ. తాళాలు, లైట్లు, వైపర్లు, స్క్రీన్, లోపలున్న కంప్యూటర్లు అన్నీ దాని మీదే బతుకుతాయి. కారు నడుస్తున్నప్పుడో, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడో పెద్దది చిన్నదాన్ని నింపుతుంది. ఊరికే నిలబెట్టిన రోజుల్లో మాత్రం యాప్ కోసం మేలుకుని ఉండే సిమ్ కార్డులాంటివి చిన్నదాన్ని కొద్దికొద్దిగా తాగేస్తుంటాయి. కొన్ని మోడళ్లలో కారు తనంతట తానే లేచి చిన్నదాన్ని నింపుకుంటుంది. నా కారుకి ఆ తెలివి లేదు. స్విచ్చుల ఏర్పాటు తప్పని నేననను. యాక్సిడెంట్ జరిగినప్పుడు అంత కరెంటు తెగిపోయి ఉండటం మన మంచికే.

నా కోపమల్లా ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదనే. పెట్రోలు బండిలో బ్యాటరీ ముసలిదైతే సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ మూలుగుతుంది, నాలుగు రోజుల ముందే మనకి అర్థమైపోతుంది. ఇక్కడ తిప్పడానికి ఇంజినే లేదు. చిన్న బ్యాటరీ ఎంత బలహీనపడ్డా స్విచ్చులు కలిపేంత ఓపిక ఉన్నన్నాళ్లూ అంతా సవ్యంగానే కనిపిస్తుంది. హైదరాబాద్ ఎండలకి ఈ రకం బ్యాటరీలు మూడు నాలుగేళ్లకే నీరసించడం మామూలే. ఇన్ని సెన్సర్లున్న కారు, టైర్లలో గాలి తగ్గితే మోతమోగించే కారు, దీని వోల్టేజీ ఎంతో ఒక మూలన చూపిస్తే ఏం పోయేది? సర్వీస్ సెంటర్లో ఇదే అడిగితే, "డాష్‌క్యామ్ ఏమైనా పెట్టించారా సార్?" అని ఎదురు ప్రశ్న. ముందు అద్దానికి పెట్టే ఆ కెమెరా కూడా చిన్న బ్యాటరీనే తాగుతుంది కాబట్టి. లేదన్నాను. ఎనిమిదేళ్ల వారంటీ సంగతేమిటంటే అది పెద్ద బ్యాటరీకే అన్నారు. దాంతో ఆ షాపు కుర్రాడి దగ్గరే ఐదు వేల లోపు పెట్టి కొత్తది వేయించుకున్నాను.

ఇది నా ఒక్కడి ఖర్మే అనుకున్నాను గానీ, కాదు. దారిలో ఆగిపోయిన బండ్లకి సాయం చేసే ఏడీఏసీ అనే క్లబ్బు జర్మనీలో ఉంది, ఏటా లెక్కలు ప్రకటిస్తుంది. ఎలక్ట్రిక్ కార్లు మొరాయించడానికి వాళ్ల లెక్కల్లో మొదటి కారణం ఈ పన్నెండు వోల్టుల బ్యాటరీయే. పెట్రోలు, డీజిల్ బండ్లకీ అదే, కాబట్టి మా లిఫ్ట్ పెద్దమనిషి మాట పూర్తిగా నిజం కాదు. చిన్న బ్యాటరీని నింపే యూనిట్ చెడిపోవచ్చన్న కారణంతో 2024లో మన దేశంలో 1,744 హ్యుందాయ్ ఐయానిక్ 5 కార్లని వెనక్కి పిలిపించారు. నాది ఆ కారు కాదు. మా బ్లాకులోనే ఇంకో ఇద్దరికి ఇలాంటిదే జరిగిందని తర్వాత తెలిసింది. అడిగితేనే చెప్పారు. కొత్త కారు పరువు పోతుందని కాబోలు.

మిగతా విషయాల్లో ఫిర్యాదు లేదు, చాలావరకు. ఆయిల్ మార్చే పని లేదు, సర్వీస్ ఖర్చు తక్కువ అని మొదటి ఏడాది అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పటికీ చెబుతాను, కాకపోతే టైర్లు పాత కారులోకంటే త్వరగా అరిగాయని కూడా కలుపుతాను. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే ఛార్జింగ్ తగ్గకపోగా ఒకటి రెండు శాతం పెరగడం ఇప్పటికీ ముచ్చటే. అవతలి ఒడ్డున ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం అది వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది. ఇంట్లో ఛార్జింగ్ చవకే, కానీ ఏసీల కాలంలో ఇంటి మీటరు పై శ్లాబులోకి వెళ్తే యూనిట్ తొమ్మిది, పది రూపాయల దాకా పడుతుంది. విజయవాడ హైవే మీద ఎనభై స్పీడులో వెళ్తే ఒక కారు, నూట పదిలో వెళ్తే ఇంకో కారు, ఛార్జింగ్ అంత త్వరగా కరిగిపోతుంది. ఎవరి కోసమో నీడలో ఆగినప్పుడు చప్పుడు లేకుండా ఏసీ వేసుకుని కూర్చోవడం ఒక్కదానికే వంక పెట్టలేను.

ఇప్పుడు ఊరెళ్తే వారానికోసారి కారు ఆన్ చేసి ఓ గంట ఉంచమని తాళం వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్తున్నాను. చచ్చిన బ్యాటరీని లేపే జంప్‌స్టార్టర్ ఒకటి కొని డిక్కీలో పెట్టాను గానీ, డిక్కీ తెరవడానికీ కరెంటు కావాలని మా అబ్బాయి గుర్తుచేశాక దాన్ని ముందు సీటు కిందికి మార్చాను.

కొనొచ్చా అంటే, నాకు సొంత పార్కింగ్ ఉంది, మా మీటరు నుంచి లాగిన వైరుంది, ఆఫీసుకి రానూపోనూ నలభై కిలోమీటర్లలోపే. రోజూ కదిలే బండికి ఈ జబ్బు రావడం తక్కువ. నెలకోసారి బయటికి తీసేవాళ్లకి నేనైతే చెప్పను. ఖమ్మంలో ఉండే మా బావమరిది "బావా, తీసుకోమంటావా?" అని రోజూ ఫోన్. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ ఉంది, అది 2026 డిసెంబర్ 31 దాకానే అని వాడి తొందర. వాడిది అద్దె ఇల్లు, ఉండేది రెండో అంతస్తు, కారు నిలిపేది వీధిలో. ముందు ఓనర్ కిందికి వైరు లాగనిస్తాడో లేదో కనుక్కుని ఫోన్ చేయమన్నాను.