గంప కింద పొన్నంకి: ఉద్దానంలో రెండు పొద్దులు

దసరా వెళ్లిన వారం. రాత్రి తొమ్మిది దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి వైపు నుంచి మాస్టారు ఫోన్ చేశారు. ఆయన రిటైరైన సైన్సు టీచరు, నా పక్షుల పిచ్చి తెలిసినవారు. "బాబూ, మా వరండాలో ఓ పిట్ట పడిపోయింది. గోడకి గుద్దేసుకున్నట్టుంది. రంగులు సూస్తే మతిపోతోంది. గంప బోర్లించాను. ఏటి సెయ్యమంటావు?"

వెనకే వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. గంప అంచు కాస్త ఎత్తి, టార్చి కొట్టి తీసినట్టున్నారు. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం మచ్చ, కంటి మీదుగా మెడ దాకా కాటుక గీత, పొట్ట కింద కుంకుమ. తోక ఉందంటే ఉంది, లేదంటే లేదు. మూడేళ్లుగా నేను వెతుకుతున్న పొన్నంకి పిట్ట మాస్టారి గంప కింద కూర్చుని ఉంది.

గింజలూ నీళ్లూ ఏమీ పెట్టొద్దని, చీకట్లో అలాగే వదిలేసి తెల్లారగట్ల గంప తీసెయ్యమని చెప్పాను. తీశారట. అది ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, తర్వాత గెంతుకుంటూ జీడితోటలోకి పోయిందట. ఆ సాయంత్రం తోటలోంచి ఈల వినపడిందని మళ్లీ కబురు. శుక్ర, శని రెండు రోజులు సెలవు పెట్టేశాను.

పక్షుల పుస్తకాల్లో దీని పేరు ఇండియన్ పిట్టా. ఆ 'పిట్టా' మన పిట్టే. 1816లో వీయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ రకం పక్షులకి పేరు పెట్టడానికి తెలుగు మాటనే తీసుకున్నాడు. అందుకే ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న దీని దాయాదులు కూడా పిట్టాలే. అంతకు ముందు 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని ఏకంగా కాకుల్లో కలిపేశాడు. హిందీవాళ్లకిది నవ్‌రంగ్. పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ కూస్తుందని తమిళులు ఆరుమణి కురువి అన్నారు. మన పాతపేరు పొన్నంకి. లోకం మొత్తానికి మాట అరువిచ్చిన మనం మాత్రం "పిట్టంటే ఏ పిట్టండీ?" అని అడుగుతాం.

నిజానికి ఇది అంత అరుదైన పక్షేమీ కాదు. అరుదైనదల్లా కంటపడటమే. హిమాలయాల పాదాల దగ్గరా మధ్య భారతం అడవుల్లోనూ పిల్లల్ని చేసుకుని, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకీ వెళ్లిపోతుంది. ప్రయాణం రాత్రిపూట. అలిసిపోతే ఎవరింట్లో పడితే వాళ్లింట్లో దిగుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మన పక్షుల మీద పుస్తకాలు రాసిన డాక్టరు జెర్డన్ మొదటిసారి దీన్ని చూసింది మద్రాసు జనరల్ ఆసుపత్రిలో! పడమటి గాలికి కొట్టుకొచ్చి గుడిసెల్లోనూ ఇళ్లలోనూ దూరినవి తర్వాత నెల్లూరులో ఆయనకి చాలానే దొరికాయి. ఆ లెక్కన మాస్టారి వరండా కొత్త మజిలీ ఏమీ కాదు.

నేను అంతకు ముందు వెతికింది తాటిపూడి రిజర్వాయరు పక్క కొండల్లో, వరసగా రెండు జూన్ నెలలు. విజయనగరం నుంచి పొద్దున్నే బండి మీద వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు. నీళ్లు, కొండలు, చల్లగాలి, కుటుంబంతో వెళ్లడానికి బాగుంటుంది. పిట్ట గొంతు కూడా రెండుసార్లు విన్నాను. కానీ రెండోసారి ఎవరో ఫొటోగ్రాఫరు బ్లూటూత్ స్పీకరు పొదలో పెట్టి దాని కూతనే దానికి వినిపిస్తున్నాడు. ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది కంగారుగా గూడు వదిలి బయటికొస్తే, ఈయన క్లిక్కుమనిపిస్తాడు. ఆయనతో గొడవ పడి వచ్చేశాను. ఫొటో లేదు, మూడ్ పాడైంది, పెట్రోలు అదనం.

ఈసారి తప్పు నాదే. గురువారం రాత్రి రైలు దిగి పలాసలో ఓ లాడ్జిలో దిగాను. స్టేషనుకి దగ్గర, గది పదకొండు వందలు, దుప్పటి శుభ్రంగా ఉంది, పేరెందుకు లెండి. కింద హాల్లో పెళ్లి, ఒంటిగంట దాకా బాజా. అదీ ఓర్చుకున్నాను. నాలుగింటికి కిందికి దిగితే షట్టరు మూసి తాళం వేసుంది. కుర్రాడు ఎక్కడ పడుకున్నాడో తెలీదు. బోర్డు మీది నంబరుకి ఫోన్ చేస్తే పై గదుల్లో ఎక్కడో మోగుతోంది, ఎత్తేవాడు లేడు. ఐదున్నరకి ఆవలించుకుంటూ వచ్చి, "ఇంత పెందలాడే ఎక్కడికెల్తారండీ?" అన్నాడు. అప్పటికి తూర్పున ఎర్రబడింది. కవిటి ఇంకా గంటకి పైనే. ఈ పక్షికి పొద్దు రెండే రెండు అరగంటలు. అందులో ఒకటి నేను షట్టరు వెనకాల నిలబడి పోగొట్టుకున్నాను.

మాట్లాడుకున్న ఆటో అతను మాత్రం నాలుగున్నర నుంచి బయట కాచుకుని ఉన్నాడు. రోజంతటికీ పదిహేను వందలన్నాడు, ఆ మాట మీదే ఉన్నాడు. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాడు, ఇంజను కూడా ఆపేశాడు. పక్షులవాళ్లకి ఇది ఎంత పెద్ద సుగుణమో చెప్పలేను.

పగలు ఎలాగూ పిట్ట కనపడదని ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి వెళ్లాం. ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీదే నత్తగుల్ల కొంగలు. ముక్కు పై భాగం, కింది భాగం కలిపినా మధ్యలో సందు ఉండిపోతుంది. చెరువుల్లో, పొలాల్లో నత్తలు పట్టి తినడానికి వీలైన ముక్కది. వానలు మొదలయ్యే వేళకి వచ్చి గూళ్లు కట్టి, చలి ముదిరేలోగా వెళ్లిపోతాయి. కిందంతా రెట్ట, చేపకంపు. అయినా ఊరివాళ్లు ఒక్క రాయి విసరరు. టికెట్ లేదు, గైడు లేడు. టోపీ మాత్రం మరిచిపోవద్దు, ఎండకి కాదు.

సాయంత్రానికి మాస్టారి తోటకి చేరాం. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో పెద్దచెట్లు పోయాయట, ఇప్పుడున్నవి తర్వాత వేసినవి. కొమ్మలు నేలకి తగులుతున్నాయి, కింద ఎండుటాకు మడమ లోతు. పిట్టకి కావలసింది ఇదే, ఆ ఆకు కిందే పురుగులుంటాయి. ఐదు ముప్పావుకి ఈల వినపడింది. రెండు ముక్కల ఈల, రెండోది కాస్త జారినట్టు. ఎడమ వైపు ఓసారి, మరో చోట ఓసారి. అంతే, చీకటి పడిపోయింది.

ఆ రాత్రి లాడ్జికి వెళ్తానంటే మాస్టారి ఇల్లాలు ఒప్పుకోలేదు. "పలాసెల్లి ఏటి సేస్తారు, మళ్లీ తెల్లారిపోద్ది" అన్నారు. మొత్తం ప్రయాణంలో ఇంతకన్నా సరైన మాట ఎవరూ అనలేదు. అరుగు మీద నవారు మంచం, దోమతెర. అన్నంలోకి కొబ్బరి పచ్చడి, చేపల పులుసు. నీళ్లు మాత్రం క్యాన్ లోవి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల భయం ఇంటింటికీ ఉంది. నా గ్లాసు క్యాన్ కింద పట్టి, తమ గ్లాసులు కుండలో ముంచుకుంటుంటే నాకు ముద్ద దిగలేదు. మీరు వెళ్తే ఓ క్యాన్ కొని పట్టుకెళ్లండి.

తెల్లారగట్ల నాలుగు ముప్పావుకి మంచం దిగి నలభై అడుగులు నడిచాను, అంతే. జీడిచెట్టు మొదట్లో కూలబడి, లెన్సు మోకాలి మీద ఆనించుకున్నాను. ఐదుంబావుకి ఈల. తర్వాత ఆకుల చప్పుడు. ఎలకేమో అనుకున్నాను. ఒక ఆకు దానంతటదే తిరగబడింది. దాని వెనక అది. ముక్కుతో ఆకు పట్టి పక్కకి విసిరేస్తోంది, మన ఇళ్లల్లో బియ్యంలో రాయి ఏరి పారేసినట్టు. రెండు గెంతులు, ఆగడం, పొట్టి తోక మెల్లగా కిందికీ పైకీ ఊపడం. మళ్లీ రెండు గెంతులు. మసక వెలుతురులో ముందు ఆకుపచ్చ తెలియలేదు. తెల్లటి గొంతు, నల్లటి కంటిపట్టీ మాత్రమే. అటు తిరిగినప్పుడు కుంకుమ కనపడింది.

వెలుతురు చాలక కెమెరా ఐఎస్‌ఓ 6400కి పెంచాను, షట్టరు సెకనులో 60వ వంతు. చెయ్యి వణికితే పోయినట్టే, వణికింది కూడా. మొదటి పది ఫొటోల్లో కొమ్మ చాలా స్పష్టంగా ఉంది. షట్టరు చప్పుడుకి ఓసారి తల ఎత్తి చూసి, మళ్లీ పనిలో పడింది. మొత్తం పన్నెండు నిమిషాలు. నూటనలభై ఫొటోల్లో పనికొచ్చేవి మూడు, అందులో ఒకదాంట్లో కంటి మీద ఆకునీడ. అయినా సరే.

తిరుగు దారిలో టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల విడిది. వాచ్ టవర్ ఎక్కితే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకొంగలు (పెయింటెడ్ స్టార్కులు) కళ్ల ఎదురుగా. పిల్లలతో వెళ్లేవాళ్లకి జిల్లాలో దీని తర్వాతే ఏదైనా. అక్టోబరులో వెళ్తే ఇంకా పలుచగా ఉంటాయి, డిసెంబరు, జనవరి మేలు. సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్తారు, నమ్మకండి. ఈ రెండూ మన దేశపు పక్షులే, సైబీరియా మొహం చూసినవి కావు. ఊరివాళ్లు ఆడపడుచులంటారు, ఆ మాటే సరైనది. 2021-22 చలికాలంలో నులిపురుగుల జబ్బుతో గూడబాతులు వందకి పైగా చనిపోయిన సంగతి ఇప్పటికీ ఇంట్లో మనిషి పోయినట్టే చెప్తారు. ఫొటోగ్రాఫర్లకి మాత్రం పక్కనే నౌపడ ఉప్పుమడులు ఎక్కువ నచ్చుతాయి. ఉల్లంకులనే నీటి ఒడ్డు పిట్టలు గుంపులు గుంపులుగా దిగి బురద పొడుస్తుంటాయి, అడ్డం ఏమీ ఉండదు. నీడ కూడా ఉండదు, తొమ్మిదింటిలోగా తేల్చుకోవాలి.

ఇంటికొచ్చి మూడింట్లో మంచిది మాస్టారికి పంపాను. "బాగుంది గానీ బాబూ, నా ఫొటోలోనే రంగులు బాగా పడ్డాయి కదా" అన్నారు. కాదనలేకపోయాను, ఆయన టార్చి వేసి తీశారు. ఏప్రిల్ ఆఖర్న ఇవే పిట్టలు ఉత్తరానికి మళ్లుతాయి, అప్పుడూ అరుగు మీద మంచం వెయ్యమని చెప్పిపెట్టాను. గంప కూడా గుమ్మం పక్కనే ఉంచుతానన్నారు.