నల్లరేగడి కింద నాపరాయి: మా హోటల్ మురుగునీళ్లకు పెట్టించిన ఫైబర్ ట్యాంకు, మెట్టతామర గుంత, ఏడాదిన్నర వాడినాక రివ్యూ

జమ్మలమడుగు దాటి గండికోట పోయే దారిలో మాది చిన్న హోటల్. పొద్దున ఉగ్గాని బజ్జీ, ఎర్రకారం దోశ, మధ్యాహ్నం సంగటి నాటుకోడి, 24 సీట్లు, రెండు లెట్రిన్లు, చేతులు కడుక్కునే దగ్గర మూడు కొళాయిలు, అంతే. నేను, మా ఆయన, మా మరిది చూసుకుంటాం. ఊరి బయట కాబట్టి డ్రైనేజీ లైన్ లేదు, మురుగునీళ్లకు దారి మనమే చూసుకోవాల. ఈ నాలుగేండ్లలో దీనికోసం ముగ్గురికి డబ్బులు పోసినాం, ఇంకుడు గుంత కట్టిన కాంట్రాక్టరు, సెప్టిక్ ట్యాంక్ తోడే బండి, చివరికి ఫైబర్ ట్యాంక్ అమ్మినోళ్ళు. ముగ్గురి గురించీ రాస్తాను, ఎందుకంటే ఈ రోడ్డు పొడుగునా కొత్తగా డాబాలు, రూములు లేస్తాండాయి, అందరూ మేము చేసిన తప్పే చేస్తాంటే చూసి ఊరుకోలేకపోతాండాను.

ముందు మా నేల సంగతి. పైన మూడున్నర అడుగులు నల్లరేగడి, దాని కింద నాపరాయి, అంటే పలకల సున్నపురాయి. అంతే, ఇంక మట్టి లేదు. 2021 ఏప్రిల్లో కాంట్రాక్టరు వచ్చి, గుంత తవ్వి, రెండు బిందెల నీళ్లు పోసినాడు, మా కండ్ల ముందరే పది నిమిషాల్లో నీళ్లు మాయం. "చూసినావా అక్కా, మీ నేల ఎంత బాగా తాగుతాందో, వరలు దింపితే చాలు, ఇరవై ఏండ్లు చూసుకోబన్లే" అన్నాడు. మేమూ సంతోషపడినాం. పక్క చేను మా చిన్నాయనది, ఆయన గట్టు మీద నిలబడి అంతా చూసి ఒకే మాట అన్నాడు, "ఎండాకాలం నెర్రెల్లో పోసిన నీళ్లు ఏట్లో పోసినట్లే పాపా, వాన పడినాక పోసి చూడు". వినలేదు. రెండు గదుల సెప్టిక్ ట్యాంకు, పక్కన సిమెంటు వరల ఇంకుడు గుంత, మొత్తం 85 వేలు అయింది.

ఎండాకాలమంతా బాగానే ఉండింది. 2021 నవంబర్లో, చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగిపోయిందే, ఆ వానలప్పుడు రేగడి ఉబ్బి నెర్రెలన్నీ మూసుకపోయినాయి. గుంత నిండింది, ట్యాంకు నిండింది, లెట్రిన్లో నీళ్లు పోస్తే లోపలికి పోకుండా పైకి వస్తాంది, భోజనాల టైములో వాకిట్లో గబ్బు, రెండు కార్లలో వచ్చినోళ్ళు దిగి మళ్ళీ ఎక్కి పోయినారు. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, పదిసార్లు చేసినాక ఎత్తి "ఈ వానలకు అందరివీ అట్లే ఉండాయి అక్కా" అన్నాడు. ఆ మనిషి పనికి నేను ఇచ్చే మార్కులు 5కి 0. తెలియక చేసి ఉంటే ఒకటన్నా ఇచ్చేదాన్ని, కానీ రేగడి సంగతి ఈ పక్క పని చేసే ఏ మేస్త్రీకైనా తెలుసు.

తర్వాత రెండేండ్లు బండితోనే నెట్టుకొచ్చినాం. ట్రిప్పుకు 2,500, నవంబర్ డిసెంబర్ నెలల్లో వారానికి రెండుసార్లు, నెలకు 20 వేలు దాకా పోయేది, దోశలు పోసి సంపాదించింది మురుగునీళ్లకు కట్టినట్లయింది. బండి వాళ్ళ తప్పేం లేదు, పిలిస్తే గంటలో వచ్చేవాళ్ళు, పైపు వేసి శుభ్రంగా తోడి, కింద పడింది కడిగి పోయేవాళ్ళు. కానీ ఒకరోజు డ్రైవరును "దీన్ని యాడ పోస్తారు అన్నా" అని అడిగితే వంక వైపు చెయ్యి చూపించినాడు. ఆ వంక పెన్నలో కలుస్తాది. ఆ రోజు నుంచి బండిని పిలవాల్సి వచ్చిన ప్రతిసారీ మనసు ఒప్పుకునేది కాదు. సర్వీసుకు 4 ఇవ్వొచ్చు, పోసే చోటు చూస్తే 2 కూడా ఎక్కువే. మీరు పిలిచేటప్పుడు ముందే అడగండి, మురుగు శుద్ధి ప్లాంటుకు తీసకపోతారా లేదా అని, అడిగేవాళ్ళు ఎక్కువైతేనే వాళ్ళూ మారతారు.

అసలు భయం వేరే చోట పట్టుకుంది. ఎండాకాలం వచ్చినాక గుంత మళ్ళీ తాగడం మొదలుపెట్టింది, బండి అవసరం లేదు, అందరూ హమ్మయ్య అనుకున్నాం. నాకు మాత్రం ఈ నీళ్లన్నీ యాడికి పోతాండాయి అని అనుమానం. మా బోరు గుంతకు 70 అడుగుల దూరం, రూలు ప్రకారం తాగునీటి బోరుకు కనీసం 18 మీటర్లు అంటే 60 అడుగులు ఉంటే చాలు, మేము దాటే ఉండాము. కానీ ఆ రూలు మట్టిని నమ్ముకుని పెట్టింది, మట్టిలో మెల్లగా ఇంకుతా పోతే సూక్ష్మక్రిములు ఆగిపోతాయి. నాపరాయి మట్టి కాదు కదా, దాంట్లో సందులుంటాయి, సందులో పడిన నీళ్లు వడకట్టకుండానే పరుగు పెడతాయి. బేలం గుహలు ఇక్కడికి దగ్గరే, పోయినోళ్ళు చూసే ఉంటారు, సున్నపురాయిలో నీళ్లు దారి చేసుకుంటే ఎంతెంత సొరంగాలు అవుతాయో, మూడు కిలోమీటర్ల పైన ఉండాయి అవి.

నీళ్లు పరీక్ష చేసే చిన్న సీసా ఉంటాది, హెచ్‌టూఎస్ సీసా అంటారు, గీత వరకు నీళ్లు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే కలుషితం ఉంటే నల్లగా మారతాది. రాత్రి మా బోరు నీళ్లు పట్టి వంటింట్లో అటక మీద పెట్టినాను. పొద్దున నాలుగున్నరకు పొయ్యి అంటించడానికి పోయి చూస్తే సగం సీసా నల్లబడి ఉండాది, మధ్యాహ్నానికి తారు మాదిరి. ఆ బోరు నీళ్లే రెండేండ్లు జనాలకు జగ్గుల్లో పెట్టినాం. ఆ రోజే జగ్గులన్నీ తీసేసి క్యాన్ నీళ్లు తెప్పించినాం, వంటకు కూడా. ఇప్పటికీ ఆ సీసా తలుచుకుంటే చేతులు వణుకుతాయి.

అప్పుడు మా మరిది స్నేహితుడు, సివిల్ ఇంజినీరు, వచ్చి పద్ధతి ప్రకారం పరీక్ష చేసినాడు. అడుగు వెడల్పు గుంత తీసి, పక్కలు కత్తితో గీకి, అడుగున రెండు అంగుళాలు కంకర వేసి, నీళ్లు నింపి రాత్రంతా నానబెట్టినాడు. ఆ నానబెట్టడమే అసలు సంగతి, కాంట్రాక్టరు ఎగ్గొట్టింది కూడా అదే, ఎందుకంటే రేగడి ఉబ్బినాక ఎంత తాగుతాదో తెలియాల కానీ ఎండి పగిలినప్పుడు కాదు. మర్నాడు కంకర మీద 15 సెంటీమీటర్లు నీళ్లు ఉంచి స్కేలు పెట్టి అరగంట చూసినాడు. రెండంటే రెండు గీతలు దిగింది, 2 మిల్లీమీటర్లు. ఐఎస్ 2470 అని సెప్టిక్ ట్యాంకులకు ప్రమాణం ఉండాది, దాని రెండో భాగంలో 25 మిల్లీమీటర్లు దిగడానికి 60 నిమిషాల కంటే ఎక్కువ పడితే ఇంకుడు గుంత వద్దు, నేల మీదనే శుద్ధి చేసుకోండి అని ఉంది. మా లెక్కకు ఆరు గంటలు పైనే. అంటే మా నేల వానాకాలం అస్సలు తాగదు, ఎండాకాలం వడకట్టకుండా మింగేస్తాది, రెండూ పనికిరావు.

ఏం చేయాల అని నలుగురిని అడిగితే నాలుగు మాటలు. ఒకాయన ఎండిపోయిన బోరు ఉంది కదా దాంట్లోకి పైపు పెట్టేయండి, జన్మలో సమస్య ఉండదు అన్నాడు. దయచేసి ఈ పని ఎవరూ చేయొద్దు, చేతులు జోడించి చెప్తాండాను. అది నేరుగా ఊరు తాగే నీళ్లలోకి లెట్రిన్ వదిలినట్లు. అపార్ట్‌మెంట్లకు పెట్టే కరెంటు ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి ప్లాంటు అడిగినాం, రోజంతా గాలి ఊదే బ్లోయర్ తిరగాల, మాకు మామూలు రోజు 1,100 లీటర్లు, ఆదివారం 2,000 పైన, ఇంత హెచ్చుతగ్గులకు, మా కరెంటుకు అది నిలబడదు అన్నారు, వాళ్ళే నిజాయితీగా చెప్పి పంపించినారు. చివరికి ఇంజినీరు చెప్పిందే చేసినాం: వంటింటి నూనె ఆపే జిడ్డు చాంబర్, మూసి ఉన్న ఫైబర్ ట్యాంకు, తర్వాత కింద షీటు వేసిన కంకర గుంతలో మెట్టతామర మొక్కలు. శుద్ధి కాకుండా ఒక్క చుక్క నేలలోకి పోకూడదు, కొంత మొక్కలూ ఎండా తాగాల. మన కడప ఎండ దేనికన్నా పనికొస్తే దీనికి పనికొస్తాది.

ట్యాంకు రివ్యూ. 3,000 లీటర్లది, 2023 డిసెంబర్లో తెప్పించినాం, 62 వేలు. అమ్మినాయన డీఆర్‌డీఓ (దేశ రక్షణ పరిశోధన సంస్థ) టెక్నాలజీ, సియాచిన్లో సైనికులకు, రైలు పెట్టెలకు పెట్టింది ఇదే అని గంట చెప్పినాడు. డీఆర్‌డీఓ బయో డైజెస్టర్, అంటే బ్యాక్టీరియాతో మలాన్ని కరిగించే ట్యాంకు, ఉన్న మాట నిజమే, కానీ దాని లైసెన్సు కాగితం చూపించమంటే ఇప్పటిదాకా చూపించలేదు. అడగండి మీరు, కాగితం చూసినాకే డబ్బులు. ఇంకోటి, దాంట్లోంచి వచ్చే నీళ్లు తాగేంత శుద్ధం అన్నట్లు మాట్లాడతారు, కాదు, ఏ బయో ట్యాంకు తర్వాతైనా రెండో శుద్ధి ఉండాల్సిందే. నెలనెలా బ్యాక్టీరియా పొడి కొనమంటారు, నేను మొదటిసారి తప్ప కొనలేదు, పని ఆగలేదు.

ఫిట్టింగు మాత్రం ఘోరం. జేసీబీతో నాపరాయి వరకు తవ్వి, ట్యాంకు దింపి, ఖాళీగా వదిలేసి సాయంత్రం వెళ్ళిపోయినారు. రాత్రి వాన, గుంతలో నీళ్లు చేరి ట్యాంకు పడవ మాదిరి తేలింది, పొద్దునకు అరడుగు పైకి లేచి ఒక పక్కకు ఒరిగి ఉండాది, ఇన్లెట్ పైపు విరిగింది. అడిగితే ట్యాంకు మాది, గుంత మీది అన్నారు. మళ్ళీ మా ఖర్చుతోనే కింద బెడ్ కాంక్రీట్ వేసి, పట్టీలతో కట్టి, ముందు ట్యాంకు నిండా నీళ్లు పెట్టి, అప్పుడు చుట్టూ గరుసు నింపినాం. తవ్విన రేగడి మళ్ళీ చుట్టూ పోయొద్దు, అది ఉబ్బినప్పుడు ట్యాంకును పిండేస్తాది. ట్యాంకుకు 3.5, కంపెనీ ఫిట్టింగుకు 1.

మెట్టతామర గుంత మా ఊరి మేస్త్రీ చేసినాడు, దానికి 4.5, మనస్ఫూర్తిగా. ఇరవై అడుగుల పొడుగు, పది వెడల్పు, రెండు లోతు, కింద ఫారం పాండ్లకు (పొలాల్లో నీటి కుంటలకు) వేసే 500 మైక్రాన్ల నల్ల షీటు, రెండు చివర్లా 40 ఎంఎం రాయి, మధ్యలో చిన్న కంకర. నీళ్లు ఎప్పుడూ కంకర పైకి కనపడకూడదు, మూడంగుళాలు కిందనే ఉండాల, అందుకే దోమలు లేవు, వాసన లేదు. ఆ ఎత్తును, నీళ్లు బయటికి వచ్చే చివరి చాంబర్లో ఎల్బో (వంపు) పైపును అటూ ఇటూ తిప్పి సరిచేస్తాం. నీళ్లు లోపల మూడు రోజులదాకా నిలుస్తాయి. మొక్కలు కాలువ గట్టు మీద తెచ్చినవే, అడుగున్నర దూరంలో నాటితే నాలుగు నెలల్లో నా భుజాల ఎత్తు వచ్చినాయి, ఎర్రటి పూలు, వచ్చినోళ్ళు దాని ముందర ఫోటోలు దిగుతాండారు. ఏప్రిల్ మే నెలల్లో చివరి చాంబర్లోకి వచ్చే నీళ్లు తగ్గుతాయి, కొంత మొక్కలూ ఎండా తాగేస్తాయి. బయటికి వచ్చే నీళ్లను ఇంకో ట్యాంకులో పట్టి చిన్న మోటారుతో రోడ్డు పక్క కానుగ చెట్లకు పెడతాం, ఆకుకూరలకు మాత్రం పెట్టం. పోయిన ఏడాది చివర్లో ముసురు పట్టినప్పుడు గుంత వాన నీళ్లతోనే నిండింది, ఒకసారి బండి పిలవాల్సి వచ్చింది, చుట్టూ అడుగు ఎత్తు గట్టు ముందే కట్టి ఉంటే ఆ ఇబ్బంది తగ్గేది, ఇప్పుడు కట్టినాం. ఆ అర మార్కు అందుకే.

జిడ్డు చాంబర్ గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. హోటల్ వాళ్ళకు లెట్రిన్ కంటే వంటిల్లే పెద్ద శత్రువు. సంగటి గిన్నెలు కడిగిన నీళ్లు గంజి మాదిరి ఉంటాయి, దాంట్లో బజ్జీల నూనె, ఎర్రకారం కలిస్తే చల్లారినాక మైనం మాదిరి గడ్డ కడతాది. మొదట్లో చాంబర్ చిన్నది పెట్టినాం, ఇరవై రోజులకే పైపు పూడుకపోయింది, కోసి చూస్తే నాలుగంగుళాల పైపులో వేలు పట్టేంత సందు మిగిలింది. ఇప్పుడు మూడు గదులది, రోజు మార్చి రోజు నేనే గరిటెతో పైన తేలిన జిడ్డు తీసి మూట కట్టి పారేస్తాను. ఇది కంకరలోకి పోతే గుంత చచ్చినట్లే. బాత్రూం యాసిడ్ పూర్తిగా మాన్పించినాం, ట్యాంకులో పని చేసే క్రిములు దానికి చస్తాయి.

ఇంకో మాట. పాత ట్యాంకు పూడ్చేటప్పుడు అడుగు బురద తీయడానికి మనిషిని దింపుదాం, రెండు వేలిస్తే చాలు అన్నాడు ఒకడు. వద్దని అక్కడే తేల్చి చెప్పినాను. మనుషుల చేత మురుగు తీయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ సామాన్లు లేకుండా అట్లా దింపడం నేరం, చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచమని 2023 అక్టోబర్లో సుప్రీంకోర్టు చెప్పింది, అంటే ఎంతమంది పోతాండారో అర్థం చేసుకోండి. లోపల గ్యాసుకు రెండు ఊపిరుల్లో మనిషి పడిపోతాడు, కాపాడటానికి దిగినవాడూ పోతాడు. నీళ్లు కొట్టి పలచన చేసి బండితోనే తోడించినాం, రెండు ట్రిప్పులు ఎక్కువైనాయి, అయితే ఏం.

ఈ కొత్త ఏర్పాటుకు మొత్తం ఖర్చు, చెడిన ఫిట్టింగుతో కలిపి, లక్షా 60 వేలు. పాత ఇంకుడు గుంత గరుసుతో పూడ్చేసినాం. బోరు నీళ్లు ఆరు నెలలకు ఒకసారి సీసాలో పడతాండాను, మొదటి రెండుసార్లు నల్లబడింది, పోయిన నెల పెట్టింది రెండు రోజులైనా రంగు మారలేదు. అయినా తాగడానికి ఇంకా క్యాన్ నీళ్లే పెడతాండాం, వరసగా మూడుసార్లు తెల్లగా వచ్చేదాకా. గుంతలో నీళ్లు పడే చివర కంకర కొంచెం బిగుసుకున్నట్లుంది, వానలు మొదలయ్యేలోపు ముందు రెండడుగులు తీసి కడిగించాల, దానికెంత అయిందో అప్పుడు ఇక్కడే రాస్తాను.