మెదక్ చర్చి: రాత్రి నల్లని అద్దాలు, ఉదయం రంగులు

మా ఆయన నడిపే చిన్న ప్రింటింగ్ ప్రెస్సుకు మూడు నెలలుగా పనులు తగ్గాయి. యంత్రం మీద చేసిన అప్పుకు వాయిదా మాత్రం తారీఖు తప్పకుండా గుమ్మంలో నిలబడుతోంది. మెదక్ వెళ్లి ప్రార్థన చేసుకుని వద్దామని అత్తగారు అన్నప్పుడు, ఆ బస్సు చార్జీలేవో వాయిదాలో వేసుకోవచ్చు కదా అనుకున్నాను. పైకి అనలేదు.

హైదరాబాదు నుంచి సుమారు వంద కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరితే ఒక్కరోజులో చూసి రావచ్చు. మేము మధ్యాహ్నం బయలుదేరాం, దారిలో బస్సు చెడిపోయింది. ఇంకో బస్సు పట్టుకుని చేరేసరికి చీకటి పడింది. చర్చి తలుపులు ఇంకా మూయకపోవడమే అదృష్టం. ఇక్కడ ముఖ్యంగా చూడవలసినవి యేసు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలు. వాటికి ఎండే దీపం. రాత్రి లోపల నిలబడి చూస్తే నల్లటి పలకలు, అంతే. ఇంత దూరం వచ్చింది ఇందుకా అని ఉక్రోషం వచ్చింది.

బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. వేడినీళ్లు ఇస్తామన్నారు, ఇవ్వలేదు. కరెంటు పోయిన గంటసేపూ దోమలదే రాజ్యం. పెద్దవాళ్లతో వెళ్లేవారు కింది గదే కావాలని పట్టుబట్టండి. లిఫ్టు లేక అత్తగారు రెండంతస్తులూ మోకాళ్లు పట్టుకునే ఎక్కారు. గది కుర్రాడు మాత్రం అడగకుండానే ఆమె సంచి మోశాడు.

ఉదయం మళ్లీ వెళ్లాం. రాత్రి చూసిన అద్దాలేనా ఇవి అనిపించింది! నీలం, ఎరుపు గాజు మీద ఎండ పడి బొమ్మలు వెలుగుతున్నాయి. దాదాపు 5000 మంది పట్టే చర్చిలో మేము పదిమందిమి కూడా లేము. పండుగ సందడి కావాలంటే క్రిస్మస్‌కు వెళ్లండి, మనసు విప్పి మాట్లాడుకోవాలంటే మామూలు రోజే నయం.

175 అడుగుల గోపురం కింద కూర్చుని అత్తగారు ఈ చర్చి కట్టిన నాటి కరవు సంగతి చెప్పారు. పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ 1914లో చర్చి కట్టడం మొదలుపెట్టించారు. తిండిలేని జనానికి ఊరికే పెట్టకుండా పని చూపించి అన్నం పెట్టారట. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది.

"వాళ్లకు ఆకాశం నుంచి మన్నా రాలలేదమ్మా. తట్టలు మోశారు, ఆ పూటకు తిన్నారు. దేవుడు అలా పెట్టాడు" అన్నారు అత్తగారు. మన్నా అంటే బైబిల్లో ఆకలిగొన్న జనానికి దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం.

తర్వాత ముగ్గురం కలిసి, యేసు నేర్పిన పరలోక ప్రార్థన చెప్పుకున్నాం. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ప్రార్థనే. అందులో అడిగేది ఈ రోజు ఆహారమేనని, నెల వాయిదా మాట ఎక్కడా లేదని అప్పుడే తట్టింది. కొంచెం నవ్వు కూడా వచ్చింది.

మెదక్ కోట ఎక్కలేదు, అత్తగారి మోకాళ్లు ఒప్పుకోలేదు. తిరుగు బస్సులో మా ఆయన అప్పు మాట ఎత్తలేదు. టికెట్టు వెనక సోమవారం ఫోను చేయవలసిన ముగ్గురు పాత ఖాతాదారుల పేర్లు రాసుకున్నారు.