స్టెల్లేరియం: 51 పెగసీని మన ఆకాశంలోనే చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్

సూర్యుడి వంటి మరో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని 1995లో తొలిసారిగా కనుగొన్నారని చాలామంది చదివే ఉంటారు గాని, 51 పెగసీ అనే ఆ నక్షత్రం ఆకాశంలో ఎక్కడుందో చూపించగలిగేవారు తక్కువ. ఆ లోటును తీర్చడానికి నేను నిస్సంకోచంగా సిఫారసు చేసేది స్టెల్లేరియం. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబియన్ షెరో 2000లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లలో ఉచితంగా లభిస్తుంది.

మన ఊరిని ఎంచుకుని, తేదీని కార్తీక మాసానికి మార్చి, నక్షత్రం పేరుతో వెతికితే తెర మీది ఆకాశం నేరుగా అక్కడికి తిరుగుతుంది. మన పంచాంగాల్లోని పూర్వాభాద్రకు చెందిన రెండు ప్రకాశవంతమైన చుక్కలను కలుపుతూ గీత గీస్తే, దాదాపు దాని మధ్యభాగానికి కొంచెం పడమరగా ఈ నక్షత్రం ఉంటుంది. నవంబరు మొదట్లో రాత్రి ఎనిమిది దాటాక హైదరాబాదు వారికి అది దాదాపు నడినెత్తికి వస్తుందని ఈ సాఫ్ట్‌వేర్‌లోనే సరిచూసుకోవచ్చు. దాని ప్రకాశ పరిమాణం సుమారు 5.5 (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసకగా కనిపిస్తుంది) కాబట్టి, నగరంలో బైనాక్యులర్స్ లేనిదే కనిపించదు.

ఇతర నక్షత్రాల గ్రహాల వివరాలను ఎక్సోప్లానెట్స్ అనే ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు జోడించే అదనపు భాగం) అందిస్తుంది. సుమారు 50 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ నక్షత్రాన్ని, గురుగ్రహ ద్రవ్యరాశిలో కనీసం దాదాపు సగం ఉన్న గ్రహం 4.2 రోజులకొకసారి చుట్టివస్తుంది. మన బుధుడికే 88 రోజులు పడుతుందని గుర్తుంచుకుంటే, ఆ గ్రహం తన నక్షత్రానికి ఎంత దగ్గరగా ఉందో, 1995లో శాస్త్రవేత్తలు ఎందుకు విస్తుపోయారో అర్థమవుతుంది. దానికి ఊహాచిత్రమేదీ తగిలించకుండా, తెలిసిన కొలతలను మాత్రమే ఇవ్వడం నాకు ఎంతో నచ్చింది.

అయితే, ఆ కొలతలు ఎలా వచ్చాయో బోధించే పాఠం ఇందులో లేదు, అదే నా ప్రధాన అసంతృప్తి. ఈ గ్రహాన్ని కనుగొన్న శాస్త్రవేత్తలు మిషెల్ మేయర్, దిదియే కెలో ఫ్రాన్స్‌లోని హోత్-ప్రోవాన్స్ వేధశాలలో దాన్ని నేరుగా చూడలేదు. గ్రహం ఆకర్షణ వల్ల నక్షత్రం సెకనుకు 60 మీటర్లకు లోపు వేగంతో మనవైపు, మళ్లీ వెనక్కి కదలడాన్ని దాని వర్ణపటంలో (రంగులుగా విడదీసిన నక్షత్ర కాంతిలో) పసిగట్టారు. 2019లో వారికి నోబెల్ బహుమతిని తెచ్చిన ఈ పద్ధతి గ్రహం కనీస ద్రవ్యరాశిని మాత్రమే చెప్పగలదు. ఈ సంగతి తెలియని విద్యార్థి తెర మీది అంకెను అసలు విలువగా భావించే ప్రమాదం ఉంది కాబట్టి, పాఠశాలల్లో వాడేటప్పుడు ఉపాధ్యాయుడు పక్కనే ఉండి వివరించడం అవసరం.

ఫోను రూపంలో అదనపు సౌకర్యాలకు డబ్బు చెల్లించాలి, కాబట్టి కంప్యూటర్ ఉన్నవారు దానిలోనే వాడుకోవడం మేలు.