నల్ల?గొండ: రెజెక్స్‌తో తొమ్మిదేళ్లు

మా ఊరి పేరును నల్లగొండ అని రాసేవారున్నారు, నల్గొండ అని రాసేవారూ ఉన్నారు. రెండూ వాడుకలో ఉన్నవే. కానీ ఒకే పుస్తకంలో రెండూ కలగాపులగంగా వస్తే ప్రూఫ్ చూసేవారికి నిద్ర పట్టదు. క్లాక్ టవర్‌కు దగ్గరలో ఉన్న మా డీటీపీ గదిలో తొమ్మిదేళ్ల కిందట అలాంటి పుస్తకమే ఒకటి నా ముందుకు వచ్చింది. ఆ సాయంత్రం టెక్స్ట్ ఎడిటర్‌లో వెతికే పెట్టె తెరిచి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (క్లుప్తంగా రెజెక్స్, అంటే ఒక మాటకున్న వేర్వేరు రూపాలను ఒకే నమూనాతో వెతికే పద్ధతి) అన్న చోట గుర్తు పెట్టి, ‘నల్ల?గొండ’ అని రాశాను. రెండు రూపాలూ ఒకేసారి దొరికాయి. ఆనాటి నుంచి నేను రెజెక్స్ వాడని రోజు దాదాపు లేదు.

ఆ చిన్న ప్రశ్నార్థకం చేసిన పనిని అర్థం చేసుకోవడానికి నాకు వారం పట్టింది. తెలుగులో ఈ సాధనాన్ని వాడాలంటే తెలుసుకోవలసిన అసలు విషయం అందులోనే ఉంది. ప్రశ్నార్థకం తన ముందున్న ఒక్క గుర్తు ఉన్నా సరే, లేకపోయినా సరే అంటుంది. మన కంటికి ‘ల్ల’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది మూడు గుర్తులు: ల, పొల్లు, మళ్లీ ల. ప్రశ్నార్థకం ఆ మూడింటిలో చివరి ‘ల’ను మాత్రమే ఐచ్ఛికం చేసింది. అది తీసేస్తే మిగిలేది ‘నల్‌’, దాని వెనుక ‘గొండ’. నల్లగొండలో మన లెక్కకు నాలుగు అక్షరాలు, కంప్యూటర్ గుర్తుల ప్రమాణ పట్టిక అయిన యూనికోడ్ లెక్కకు ఎనిమిది గుర్తులు. చిన్నప్పుడు గుణింతాలు, ఒత్తులు విడివిడిగా దిద్దినవారికి ఈ లెక్క కొత్తగా అనిపించదు. రెజెక్స్‌లో చుక్క అంటే ‘ఏదైనా ఒక అక్షరం’ అని పాఠాలలో రాస్తారు. తెలుగులో దాన్ని ‘ఏదైనా ఒక గుర్తు’ అని చదువుకోవాలి. ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఆ వారం మిగిలేది.

ఈ భావన పుట్టింది గణితంలో. అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1950లలో దీనికి రూపమిచ్చారు. కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ దీన్ని టెక్స్ట్‌లో వెతకడానికి వాడే తీరును 1968లో ఒక వ్యాసంగా ప్రచురించారు. నేను ఎక్కువగా వాడింది 2003 నుంచి ఉచితంగా దొరుకుతున్న టెక్స్ట్ ఎడిటర్ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్. కంట్రోల్, హెచ్ నొక్కితే వెతికి మార్చే పెట్టె వస్తుంది. ఎన్ని చోట్ల దొరికిందో లెక్కపెట్టే బటన్, దొరికిన వరుసలన్నింటినీ కింద జాబితాగా చూపే బటన్ అందులోని ‘ఫైండ్’ ట్యాబ్‌లో ఉన్నాయి. మార్చే బటన్ కంటే ఈ రెండింటికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. కారణం ముందు ముందు తెలుస్తుంది.

మొదటి లాభాలు చిన్నవి, కానీ రోజూ అందేవి. టైపు చేసినవారు కామాకు ముందు ఖాళీ వదులుతారు. ‘ +([,.?!])’ అని వెతికి ‘$1’ అని మారిస్తే పుస్తకమంతా ఒక్క క్షణంలో శుభ్రమవుతుంది. కూడిక గుర్తుకు ‘ఒకటో అంతకంటే ఎక్కువో’ అని, చతురస్ర కుండలీకరణానికి ‘వీటిలో ఏదో ఒకటి’ అని అర్థం. 2-6-2014 వంటి తేదీలను ‘([0-9]+)-([0-9]+)-([0-9]+)’తో పట్టుకుని సంవత్సరం ముందుకు వచ్చేలా తిప్పవచ్చు. కుండలీకరణంలో పెట్టిన ప్రతి ముక్కను ఎడిటర్ గుర్తుపెట్టుకుంటుంది, మనం డాలరు గుర్తు, అంకె వేసి దాన్ని తిరిగి పిలుస్తాం.

మహబూబ్‌నగర్ దగ్గర పని కాస్త చిక్కుబడింది. ఈ పేరును కలిపి కొడితే బ కింద న ఒత్తు పడి ‘మహబూబ్నగర్’ అవుతుంది. అలా కాకుండా ఉండాలని కొందరు మధ్యలో ఖాళీ వదులుతారు, కొందరు అడ్డగీత పెడతారు, తెలిసినవారు కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు వేస్తారు. మామూలుగా వెతికితే ఒక రూపం దొరికి మిగతా మూడు దాక్కుంటాయి. ‘మహబూబ్.?నగర్’ అంటే నాలుగూ బయటికి వస్తాయి. నాగర్‌కర్నూల్‌కూ, హుజూర్‌నగర్‌కూ ఇదే ఉపాయం. మన దక్షిణ తెలంగాణ పేర్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి కాబట్టి, ఈ ప్రాంతపు పుస్తకాలపై పని చేసేవారు ముందుగా నేర్చుకోవలసిన నమూనా ఇదేనని నా అభిప్రాయం.

2016 అక్టోబరు 11న జిల్లాలు మారినప్పుడు అసలు పరీక్ష వచ్చింది. పాత నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి. నారాయణపేట 2019లో వచ్చింది. ఒక పూర్వ విద్యార్థుల సంఘం తమ చిరునామాల పుస్తకాన్ని కొత్త జిల్లాలతో మళ్లీ అచ్చు వేయమని అడిగింది. వరుసకు ఒక చిరునామా. ‘(సూర్యాపేట|కోదాడ|హుజూర్.?నగర్)(.*)నల్ల?గొండ జిల్లా’ అని వెతికి, ‘$1$2సూర్యాపేట జిల్లా’ అని మార్చేలా రాశాను. నిలువు గీతకు ‘లేదా’ అని అర్థం. భువనగిరి, ఆలేరు, చౌటుప్పల్‌కు మరొకటి. మార్చే ముందు జాబితా చూస్తే, భువనగిరి వరుసల మధ్య నల్లగొండ పట్టణంలోనే ఉండే ఒకరు కనిపించారు. వారి ఇంటిపేరు భువనగిరి. బటన్ నొక్కి ఉంటే ఆయన ఇల్లు జిల్లా దాటిపోయేది. మన దగ్గర ఊరి పేర్లు ఇంటిపేర్లుగా ఉండటం ఎంత మామూలో అందరికీ తెలుసు, నమూనాకు మాత్రం తెలియదు.

అంత జాగ్రత్త నాకు ఊరికే రాలేదు. రెజెక్స్ నేర్చుకున్న రెండో నెలలోనే, ఒక వ్యాసాల సంపుటిలో కుండలీకరణంలోని వివరణలన్నీ తీసేయమని రచయిత అడిగారు. ‘\(.*\)’ అని రాసి, ఖాళీతో మార్చేశాను. చుక్క, నక్షత్రం కలిస్తే అందినంత మేర పట్టుకుంటాయని అప్పటికి నాకు తెలియదు. ఎడిటర్‌లో ఒక పేరా మొత్తం ఒక్క వరుస. ఒక పేరాలో రెండు వివరణలుంటే, మొదటి కుండలీకరణం తెరిచిన చోటు నుంచి రెండోది మూసిన చోటు దాకా, మధ్యలోని రచయిత వాక్యాలతో సహా పోయాయి. రెండో ప్రూఫులో ఆయన ‘ఇక్కడ నా మాటలేవి?’ అని అడిగినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి. పాత ఫైలు ఉంది కాబట్టి మూడు రోజుల పనితో బయటపడ్డాను. రాయవలసింది ‘\([^)]*\)’. మూసే గుర్తు వచ్చేదాకా మాత్రమే పట్టుకో అని దాని అర్థం. అప్పటి నుంచి నా వరుస ఒకటే: ఫైలుకు నకలు, తర్వాత లెక్క, తర్వాత జాబితా, ఆ తర్వాతే మార్పు.

తెలుగుకు సంబంధించిన లోపాలు కూడా చెప్పాలి. మాట హద్దును చూపే ‘బ్యాక్‌స్లాష్ బి’ని నమ్ముకోవద్దు. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నిర్వచనంలో మాట అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే. ఆ పద్ధతిని పాటించే ఎడిటర్‌లో ‘ఊరు’కు రెండు పక్కలా హద్దు పెట్టి వెతికితే అది ఒక్క చోట కూడా దొరకదు. దానికి బదులు నేను ‘(?<![ఁ-్])ఊరు(?![ఁ-్])’ అని రాస్తాను. అరసున్న మొదలు పొల్లు దాకా ఉన్న తెలుగు గుర్తేదీ ముందూ వెనుకా ఉండకూడదని అర్థం. ఒంటరి గుర్తులు పెట్టెలో చుక్కల వలయంతో వికారంగా కనిపిస్తాయి, భయపడనక్కరలేదు. ఇంకొకటి, ఐత్వం. దాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వానికి ఐత్వపు తోకను చేర్చి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. చూడటానికి రెండూ ఒకటే. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చిన ఒక ఫైలులో ‘హైదరాబాద్’ సగం చోట్ల దొరకకపోతే ఒక పూటంతా కారణం వెతికాను. ఇప్పుడు ఏ ఫైలు వచ్చినా మొదట ఆ రెండు గుర్తులను ఒక్కటి చేస్తాను.

విభక్తుల విషయంలో రెజెక్స్ చేయగలిగింది తక్కువ. ‘గ్రామం’ను ‘ఊరు’గా మారిస్తే ‘గ్రామంలో’ కాస్తా ‘ఊరులో’ అవుతుంది. ఇలాంటి మార్పులు ఒక్కొక్కటీ చూసి చేయవలసిందే.

అయినా వ్యాకరణాన్ని గుర్తుల స్థాయిలో చూస్తే కొన్నిసార్లు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. నిరుడు దేవరకొండ వైపు నుంచి ఒక విశ్రాంత తెలుగు పండితులు తమ తండ్రిగారి రాతప్రతి తెచ్చారు. వచనమంతా పుస్తకము, గ్రామములు, దేవాలయములలో అనే తీరు. వచనాన్ని నేటి రూపానికి తెచ్చి, పద్యాలను మాత్రం ముట్టుకోవద్దన్నారు. ‘ముల’ను గుడ్డిగా ‘ాల’ చేస్తే పాములు, నోములు పాడవుతాయి. కానీ వాటిలో ‘ము’కు ముందు దీర్ఘమో, ఓత్వమో ఉంటుంది. తమ్ములు, సొమ్ములలో పొల్లు ఉంటుంది. మారవలసిన మాటలలో మాత్రం తలకట్టు హల్లు ఉంటుంది. కాబట్టి ‘([క-హ])ముల’ అని వెతికి ‘$1ాల’ అని మారిస్తే చాలు. ‘లు’లోని కొమ్ము దాని చోటనే మిగిలి గ్రామములు గ్రామాలు అవుతుంది, దేవాలయములలో దేవాలయాలలో అవుతుంది. జాబితాలో ఒక్క ‘సముల్లాసము’ అడ్డు తగిలింది. చివర ‘(?!్)’ చేర్చి, అంటే వెనుక పొల్లు ఉండకూడదని చెప్పి, దాన్ని తప్పించాను. ఇది పనిచేసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఏకవచనానికి వచ్చేసరికి పద్యాల సంగతి తేలాలి. ‘కము’ రెండు లఘువులు, ‘కం’ ఒక గురువు. మారిస్తే గణం చెడుతుంది. పండితుల వారితో కూర్చుని ప్రతి పద్యపాదం మొదట ‘#’ గుర్తు పెట్టాం. రెండు మధ్యాహ్నాలు పట్టింది, ఆయన ప్రతి పద్యం పైకి చదివి వినిపించారు. బహువచనాల మార్పు ఫలితాన్ని కూడా ఆ గుర్తున్న వరుసలలో నకలుతో పోల్చి వెనక్కి తెచ్చాను. తర్వాత ‘^(?!#)(.*[క-హ])ము(?![ఁ-్])’ అని వెతికి ‘$1ం’ అని మార్చేలా రాశాను. మొదటి ముక్కకు ‘#’తో మొదలయ్యే వరుసలను వదిలేయమని అర్థం. ఇది ఒక్కసారి నొక్కితే వరుసకు ఒక్క ‘ము’నే మారుస్తుంది, ఆ వచనంలో పేరాలు చాలా పొడవు. నలభై మూడోసారి నొక్కినప్పుడు ఎడిటర్ సున్న మార్పులని చూపింది. పద్యాలన్నీ యథాతథంగా ఉన్నాయి.